ముందు పుస్తకం, తర్వాత చెరువు

మా మరిది గంగబాబు రొయ్యల చెరువు మీద పనిచేసేవాడు. 'చేసేవాడు' అని రాయడానికే చెయ్యి రావడం లేదు. ఇరవై రెండేళ్ళు చేశాడు. పొద్దున్నే గట్టు మీద పళ్ళు తోముకుంటూ నీళ్ళ రంగు చూసి, ఈ పూట రొయ్య మేత తింటుందో తినదో చెప్పేసేవాడు. ల్యాబు వాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళి రెండు రోజులాగి అదే మాట చెప్పేవారు.

ఆ మనిషికి షుగరుందని మొదట చూసింది నేను. ఆ మనిషి నోరు మూయించింది కూడా నేనే. కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

నా పేరు తులసి. మా ఊరి ఆశా కార్యకర్తని. రాజోలులో బస్సెక్కితే సముద్రం వైపు ఆఖరి స్టాపుకి ముందు స్టాపు మాది. నా నోటికి ఊళ్ళో పేరుంది. బాలింత పథ్యం చెయ్యకపోయినా, ఎవరైనా బీపీ మాత్ర మానేసినా వీధి మొదట్లోంచే మొదలుపెడతానని, నా చెప్పుల చప్పుడు వినబడితే ముసలాళ్ళు బెల్లం డబ్బా దాచేస్తారని చెప్పుకుని నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. తిట్టేవాళ్ళు లేకపోతే మనుషులు బాగుపడరని నా గట్టి నమ్మకం. మా ఆయన ముత్యాలరాజు బోటు మీద వేటకెళ్తాడు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. అది ఆయన అదృష్టమంటారు.

ఆరేళ్ళ కిందట పంచాయతీ ఆఫీసు దగ్గర ఆరోగ్య శిబిరం పెట్టారు. గంగబాబు చెరువు మీంచి నేరుగా వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. వేలు పొడిచి నెత్తురు చుక్క తీశాను. మిషను మీద మూడొందల ఎనభై ఆరు. అప్పటికి నలభై ఏళ్ళ మనిషి.  భయపడితే నాకు అది పైకి రాదు, కోపమై వస్తుంది. వెనక వరసలో యాభై అరవై మంది ఉన్నారు.

"రొయ్యలకి మాత్రం తూచి మేతేస్తావు. నీ పొట్టకి తూకం లేదా గంగబాబూ?" అన్నాను, వరస చివరిదాకా వినబడేలా.

అందరూ నవ్వారు. గంగబాబు కూడా నవ్వాడు, తల వంచుకుని. "ఆయ్, వదినగారూ" అన్నాడు. మా వైపు పెద్దవాళ్ళతో 'అవునండి' అన్నా 'సరేనండి' అన్నా ఆ ఒక్క మాటే.

ఆ మాట ఊరంతా తిరిగింది. భలే అన్నావని నన్ను మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నేనూ మురిసిపోయాను, ఎందుకు దాచాలి. అప్పట్నించి గంగబాబు ఎదురైతే బాగున్నావా అని అడిగేవాళ్ళు లేకుండా పోయారు. "ఏవండీ, షుగరెంతుందండీ?" అనేవారు. టీ బడ్డీ దగ్గర, సెలూన్లో, చివరికి శవం లేచే ఇంటి దగ్గర కూడా. అడిగినవాళ్ళు ఊరికే పోరు కదా, తలో వైద్యం చెప్పేవారు. ఒకరు మెంతులు నానబెట్టమంటే ఇంకొకరు నేరేడు గింజలు నూరమనేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. గంగబాబు అందరికీ "ఆయ్" అనేవాడు.

మా సీమలో మర్యాదకి కరువు లేదు. అదే వచ్చిన చిక్కు. చెరువులో రొయ్యలు పట్టి లారీకెక్కించే రోజుని పట్టుబడి అంటారు. ఆ రోజు చెరువు ఆసామి గట్టు మీదే పనివాళ్ళందరికీ భోజనాలు పెడతాడు. ఒక పట్టుబడికి నేనూ వెళ్ళాను. పాయసం గిన్నె పట్టుకున్న ఆవిడ గంగబాబు దగ్గర ఆగిపోయింది. "మా చేతి పాయసం తినరాండీ? ఒక్క గరిటెకి ఏమీ అయిపోదండీ" అని కళ్ళనీళ్ళ పర్యంతం అయింది. వద్దంటే ఆవిడ మనసు కష్టపడుతుంది. వేయించుకుంటే చుట్టూ ఇరవై మంది అతని ఆకు వంకే చూస్తారు. వేయించుకున్నాడు. "అదుగో, షుగరు మనిషి పాయసం తింటన్నాడు" అని ఎవరో అన్నారు. ఇంకెవరో కాదు, నేనే. తర్వాతి పట్టుబడికి గంగబాబు నీళ్ళకి గాలి ఎక్కించే ఏరియేటరు బాగుచెయ్యాలని చెప్పి అవతలి గట్టున ఉండిపోయాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కూడా మరిడమ్మే వచ్చేది. మరిడమ్మ అతని భార్య, నాకు తోడికోడలు.

ఇక పుస్తకం సంగతి.

నేనే కొనిచ్చాను, నీలం అట్ట పొడుగు పుస్తకం. షుగరు చూసుకునే మిషను కూడా నేనే తెప్పించాను. రోజూ పొద్దున్నే చూసుకో, అంకె రాయి, ఆదివారం నాకు చూపించు అన్నాను. "ఆయ్" అన్నాడు. మొదటి రెండు నెలలు రెండొందల నలభై, రెండొందల డెబ్బై, అలా ఉండేవి. ప్రతి ఆదివారం నా అరుగు మీద అతనికి అక్షింతలు పడేవి. మూడో నెల నుంచి దారికొచ్చాయి. నూట నలభై, నూట ముప్ఫై ఒకటి, నూట ఇరవై తొమ్మిది. ఎంత పొంగిపోయానో! చూశారా, తిట్టబట్టే కదా అనుకున్నాను. పుస్తకం పట్టుకుని డాక్టరుగారికి చూపిస్తే ఆయన కూడా సంతోషించి అవే మాత్రలు వాడమన్నారు. మూణ్ణెల్ల సగటు తెలిసే పరీక్ష చేయించమని చీటీ రాసిచ్చారు గానీ, ఇంత చక్కగా ఉంటే మళ్ళీ అదెందుకని నేనే ఆ చీటీ మడిచి పర్సులో పెట్టేశాను. ఆ మడత ఇంకా పర్సులోనే ఉంది.

ఓ నవంబరులో షుగరు మీద మీటింగు పెట్టారు. మైకు పట్టుకుని గంగబాబుని లేచి నిలబడమన్నాను. "మన మండలంలో ఇంత క్రమశిక్షణ ఎవరికీ లేదు. చప్పట్లు కొట్టండి" అన్నాను. అందరూ కొట్టారు. భుజం మీద తువ్వాలు తీసి రెండు చేతుల్తో పట్టుకుని, నేల చూస్తూ నిలబడ్డాడు. సిగ్గేమో అనుకున్నాను.

అప్పటికే మరిడమ్మ ఒకసారి మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడి చెంగు వేలికి చుట్టుకుంటూ, "అక్కగారండీ, ఈయన మాటాడ్డం మానేసేరండీ" అంది. "చెరువు గట్టు మీద షెడ్డులోనే ఉండిపోతన్నారు. ఇంటికొస్తే గోడవైపు తిరిగి పడుకుంటన్నారు. ఇదివరకు అన్నం తింటా రొయ్యల కబుర్లు చెప్పేవోరు. ఇప్పుడేం లేదండీ. పలకరిస్తే ఆయ్ అంటారు, అంతేనండీ."

"షుగరు కంట్రోల్లో ఉందిగా మరిడమ్మా. ఇంకేం కావాలి నీకు?" అన్నాను.

మరిడమ్మ చుట్టుకున్న చెంగు వదిలేసి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిపోతున్నప్పుడు వీపు చూశాను, నాకు బాగా గుర్తుంది. నేనప్పుడు చింతపండు గింజ తీస్తున్నాను. లేచి వెనక్కి పిలవలేదు.

పోయిన ఏడాది వానలప్పుడు మరిడమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు. "ఈయన కాలి దగ్గర వాసనొస్తందండీ. బూటు తియ్యనివ్వట్లేదు" అంది. సంచీ భుజానేసుకుని చెరువు దగ్గరికి నడిచాను.

ఉదయం తొమ్మిదైంది. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. గంగబాబు చెక్ ట్రే పైకి లాగి చూస్తున్నాడు. అదొక గుండ్రటి వల పళ్ళెం. చెరువులో మేత చల్లేటప్పుడు ఒక గుప్పెడు దాంట్లో వేసి నీళ్ళలోకి దించుతారు. రెండు గంటలాగి పైకి తీసి చూస్తారు. మేత మిగిలిందంటే రొయ్యకి ఏదో తేడా చేసిందని అర్థం. నన్ను చూసి పళ్ళెం మళ్ళీ నీళ్ళలోకి వదిలేశాడు.

"బూటు తియ్యి" అన్నాను.

"ఏం లేదండి వదినగారూ. ఆల్చిప్ప గీరుకుంది, అంతేనండి."

వంగి నేనే లాగాను. లోపల పాదానికి ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంది. ఆ కవరు విప్పాక నేను చూసింది రాయను. నొప్పి లేదా అంటే లేదన్నాడు. నిజమే, తెలియదు, ఆ కాలికి ఆ తెలివి ఎప్పుడో పోయింది. సంచీలోంచి నా మిషను తీసి వేలు పొడిచాను. అంకె రాలేదు. ఆరొందలు దాటితే మా మిషను అంకె చూపించదు, 'ఎక్కువ' అని ఇంగ్లీషులో రెండక్షరాలు చూపించి ఊరుకుంటుంది.

షెడ్డులోకి వెళ్ళాను. బల్ల మీద చెరువు రిజిస్టరు, దాని పక్కనే నేనిచ్చిన నీలం పుస్తకం. ఆ రోజు తారీఖు వేసి ఉంది. నూట ఇరవై ఆరు.

మేకుకి అతని మిషను సంచీ వేలాడుతోంది. విప్పి చూశాను. నెత్తురు చుక్క వేసే పట్టీల రెండో డబ్బాకి సీలు కూడా తియ్యలేదు. దాని గడువు దాటి ఎనిమిది నెలలైంది.

నా గొంతు ఏరియేటర్ల చప్పుడు దాటి అవతలి చెరువు దాకా వెళ్ళి ఉంటుంది. "ఎవర్ని మోసం చేద్దామని? నన్నా? డాక్టరునా? ఆ పిచ్చి మరిడమ్మనా?"

"మోసం కాదు వదినా" అన్నాడు.

మా పెళ్ళై నేనా ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నించి 'గారు' లేకుండా నన్ను పిలవడం అదే మొదలు. మేత బస్తా మీద కూర్చున్నాడు. బూటులేని కాలు చాపి, దాని వంక చూడకుండా చెప్పాడు.

ఆసామి దుర్గాశ్రీనివాస్ గారు అమలాపురంలో ఉంటారు. రోజూ ఎనిమిదింటికి ఫోను చేసి నీళ్ళలో గాలి ఎంతుంది, ఉప్పెంతుంది అని అంకెలడుగుతారు. అంకె కాస్త తగ్గితే అవతలి నుంచి బూతులు. అందుకని చెరువుల మీద పనిచేసేవాళ్ళకి ఒక అలవాటుంది. ముందు మంచి అంకె పుస్తకంలో రాసేస్తారు, అదే ఫోనులో చెప్పేస్తారు. ఆ తర్వాత ఆ పూటంతా ఒళ్ళు వంచి ఏరియేటర్లు వేసి, సున్నం చల్లి, నీళ్ళు మార్చి, సాయంత్రానికి చెరువుని ఆ అంకెకి తెచ్చేస్తారు. ముందు పుస్తకం, తర్వాత చెరువు అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకునే మాట. అబద్ధం కింద లెక్కే కాదు అది. చేసి తీరతామని రాసుకున్న మాట.

"ఇదీ అలాగే అనుకున్నాను వదినా. ముందు నూట ముప్ఫై అని రాసేసుకునేవోణ్ణి. ఆనక దానికి అందాలని మద్యాన్నం అన్నం మానేసేను. రాత్రి మానేసేను. కాకరకాయ రసం తాగేను. గట్టు చుట్టూ పదేసి సార్లు తిరిగేను. చెరువైతే సాయంత్రానికి దారికొచ్చేసేది. ఇది రాలేదు. రానప్పుడు ఇంక చూసుకోడం ఎందుకని మానేసేను."

"ఎప్పట్నించి?"

"మీరు చప్పట్లు కొట్టించేరు చూడండి. అంతకు ముందు నించే."

 అక్కడే గుమ్మం మీద కూలబడ్డాను.

"అంకె చెడితే మీ మొకం చూళ్ళేనండి. మరిడమ్మ మొకం చూళ్ళేను. రోజూ పొద్దున్నే పరీక్ష రాసినట్టుంటాది, రోజూ తప్పినట్టుంటాది. అలిసిపోయేను వదినా. ఓ పొద్దున్న లెగకపోతే బాగుణ్ణు, ఇంక చూసుకోక్కర్లేదనిపిస్తాది."

"పిచ్చి మాటలు మాట్లాడకు. లే, ఆసుపత్రికి" అన్నాను.

అన్నేళ్ళలో మొదటిసారి ఆ మనిషి నోరు విప్పి నిజం చెప్తే నేనిచ్చిన జవాబు అది. అతను "ఆయ్" అని లేచాడు. మళ్ళీ నోరు మూసుకుపోయింది.

అమలాపురంలో ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. పాదం మిగిలింది. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది వేసుకోవాలన్నారు. పెద్ద డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "సూదులు మానేసి ఇంకో పుండు పడిందంటే ఈసారి మోకాలు దాకా పోతుందమ్మా. ఆ పైన నా చేతుల్లో ఉండదు" అన్నారు. సూటిగా చెప్పే మనిషి, నాకు నచ్చాడు. తలుపు దాకా వచ్చి మళ్ళీ వెనక్కి తిరిగాను. "మనసు బాలేదండి ఆయనకి. లేవకపోతే బాగుణ్ణంటున్నాడు" అన్నాను. డాక్టరుగారు కలం కింద పెట్టారు. "ఇలాంటివాళ్ళు నా దగ్గరికి రోజూ వస్తారమ్మా. నేను సూది రాయగలను. మనసుకైతే టైము కావాలి, మనిషి కావాలి. ఇక్కడ లేరు." బయట వరస గేటు దాకా ఉంది. రాజమండ్రిలో మనసు చూసే డాక్టరు గురువారాలు ఉంటారని పేరు రాసిచ్చారు.

గురువారం వెళ్ళాం. కాలికి కట్టుతో రెండు బస్సులు మారి, గంగబాబుకి ఒకవైపు నేను, ఇంకోవైపు మరిడమ్మ. ఆ డాక్టరు ఆ రోజు సెలవు. గంగబాబు మొహంలో నవ్వులాంటిది కనబడింది. "పోన్లెండి" అన్నాడు. మళ్ళీ గురువారం కదల్లేదు. "నాకు పిచ్చి లేదండి వదినగారూ" అన్నాడు. మరిడమ్మ కూడా మొగుడి వైపే. "ఊళ్ళో ఏవనుకుంటారండీ, షుగరుకి తోడు అదోటా" అంది. ఇద్దర్నీ చెరో లెంపకాయ కొడదామన్నంత కోపం వచ్చింది. ఆ కోపం వాళ్ళ మీదో, నా మీదో అన్నది తర్వాత తేల్చుకోవలసిన సంగతి.

మనసు బాగోనివాళ్ళతో ఫోనులో మాట్లాడే నంబరొకటి ఉందని మా మీటింగులో చెప్పారు. కలిపి ఫోను గంగబాబు చెవి దగ్గర పెట్టాను. అవతల ఎవరో అమ్మాయి మెత్తగా పలకరించింది. "బానే ఉన్నానండి. మీరు బాగున్నారాండీ? భోంచేసేరాండీ?" అని అడిగాడు. ఆ అమ్మాయి ఏదో అంది. "ఆయ్. ఆయ్. సంతోషమండీ" అని, ఫోను రెండు చేతుల్తో నాకు తిరిగిచ్చేశాడు. ప్రాణం పోతున్నా మా వాళ్ళు మర్యాద తప్పరు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

దుర్గాశ్రీనివాస్ గారు చెరువు మీద ఇంకో మనిషిని పెట్టుకున్నారు. గంగబాబు ఇంటి వసారాలో నులక మంచం మీద ఉంటాడు. ఎనిమిదవుతుంటే ఫోను వంక చూస్తాడు. అది మోగదు. ఎనిమిదింపావుకి బోర్లా పెట్టేస్తాడు. రోజూ ఇదే.

మొదటి నెల సూదులు బాగానే వేయించుకున్నాడు. మరిడమ్మ వేసేది, నేను వెళ్ళినప్పుడు నేను వేసేదాన్ని. బొడ్డు పక్కన చొక్కా ఎత్తి, మొహం పక్కకి తిప్పుకుని కూర్చునేవాడు. రెండో నెల నుంచి ఒకరోజు వద్దనేవాడు, ఒకరోజు నేనే వేసుకుంటాలే అనేవాడు. బతిమాలాను. అతని కూతురు పేరు చెప్పి భయపెట్టాను. దేవుడి మీద ఒట్టేయించుకున్నాను. నాకు చేతనైనవన్నీ చేశాను. నాకు చేతనైనవి ఇవే.

ఓ మధ్యాహ్నం కంచంలో అన్నం అలాగే ఉంది. సూది వేయించుకుని తినకపోతే షుగరు పడిపోతుంది, అది ఇంకో ప్రమాదం. "మళ్ళీ మిగిల్చావా? నీకు బుద్ధుందా?" అని మొదలుపెట్టాను.

గంగబాబు కంచం వంక చూస్తూ, "మేత మిగిలిందని రొయ్యని తిట్టం కదండీ వదినగారూ" అన్నాడు. "నీళ్ళు చూసుకుంటాం."

కోపంగా అనలేదు. కొత్తగా పన్లోకొచ్చినవాడికి పని చెప్పినట్టు చెప్పాడు. ఇంటికొచ్చి బియ్యం కడగడానికి కూర్చున్నాను. ఎన్నిసార్లు కడిగానో తెలీదు. మా కోడలు వచ్చి గిన్నె తీసుకెళ్ళిపోయింది.

నీళ్ళు చూడ్డం నాకెవరూ నేర్పలేదు. వేలు పొడవడం నేర్పారు, అంకె రాయడం నేర్పారు, ఫోనులో ఎక్కించడం నేర్పారు. తిట్టడం పుట్టుకతో వచ్చింది. ఈ నలభై తొమ్మిదేళ్ళ వయసులో నోరు కట్టేసుకుని ఒక మనిషి పక్కన కూర్చోవడం ఎలాగో ఎవర్నడగాలి? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

పోయిన వారం ఒక కొత్త పుస్తకం కొన్నాను. అతని మంచం మీద పెట్టి, "ఏ అంకె వస్తే అదే రాయి. లేకపోతే రాయకు. నేనేమీ అనను" అన్నాను. "ఆయ్" అన్నాడు. ఆ 'ఆయ్' మీద నాకు నమ్మకం లేదు.

మొన్న మంగళవారం పొద్దున్న వెళ్ళాను. మరిడమ్మ వంటింట్లో ఉంది. ఫ్రిజ్‌లోంచి మందు సీసా తీసి, సూదిలోకి ఎక్కించుకుని వసారాలోకి వచ్చాను. గంగబాబు తలగడ కింద నుంచి పుస్తకం తీసి నాకిచ్చాడు. మొదటి పేజీలో ఒకే అంకె. మూడొందల నలభై.

నోటి దాకా వచ్చింది. ఏం తిన్నావు? కాలు పోగొట్టుకుంటావా? పెళ్ళాన్ని ఏం చేద్దామని? అన్నీ ఒకదాని వెనక ఒకటి నాలుక మీదకి వచ్చి నిలబడ్డాయి. గంగబాబు నా మొహం వంకే చూస్తున్నాడు, దెబ్బ పడబోయే మనిషిలా మెడ కాస్త ముడుచుకుని.

"ఆయ్" అన్నాను. అతనితో ఆ మాట అనడం నాకది మొదటిసారి. చిన్నవాళ్ళు మాతో అంటారు గానీ మేం వాళ్ళతో అనం.

అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు. నేనింకేమీ అనకపోయేసరికి మెల్లిగా, "ఆదివారం నించి సూది ఏసుకోలేదండి. ఏసుకున్నానని మరిడమ్మకి అబద్ధం చెప్పేను" అన్నాడు.

"ఆయ్."

"ఎందుకేసుకోలేదో నాకూ తెలీదండి. ఏసుకుందావనే లేస్తన్నాను. చేతిలోకి తీసుకున్నాక ఎందుకులే అనిపిస్తంది."

"ఆయ్."

"తిట్టండి వదినా."

తల అడ్డంగా తిప్పాను.  గంగబాబు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నలభై ఆరేళ్ళ మనిషి, చప్పుడు కాకుండా ఏడవడం ఎంత బాగా నేర్చుకున్నాడో! వంటింటి గుమ్మంలో మరిడమ్మ గరిటెతో నిలబడిపోయింది. దగ్గరికి రావొద్దని కళ్ళతోనే చెప్పాను. నా చేతిలో సూది అలాగే ఉంది. అతని పాదం కట్టు అంచున చర్మం మళ్ళీ ఎర్రబడి ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. 'చొక్కా ఎత్తు' అని రెండు ముక్కలు అంటే చాలు, అలవాటు ప్రకారం ఎత్తేస్తాడేమో. మళ్ళీ నోరు మూసుకుపోతాడేమో. ఏది అనాలో, ఏది మానాలో చెప్పేవాళ్ళు ఈ జిల్లాలో నాకు దొరకలేదు.

చాలాసేపటికి మొహం తుడుచుకున్నాడు. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఆ అంకె మీద వేలితో ఒకసారి రాసి చూసుకున్నాడు, సిరా ఆరిందో లేదో అన్నట్టు.

"రేపు కూడా ఇలాగే రాయొచ్చాండీ?" అని అడిగాడు.

"ఆయ్" అన్నాను.

పుస్తకం తలగడ కింద పెట్టుకున్నాడు. చొక్కా మాత్రం ఎత్తలేదు. కాసేపు చూసి, సూది పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. సాయంత్రం మళ్ళీ వస్తానని మరిడమ్మకి చెప్పాను.